తీగ తగిలించే ముందు

సైయాన్ అనే బ్రిటిష్ సంస్థ 1993లో అమ్మకానికి పెట్టిన సిరీస్ 3ఎ చేతి కంప్యూటర్లలో కొన్ని ఈనాటికీ పనిచేస్తున్నాయి. కళ్లజోడు పెట్టెకన్నా కాస్త పెద్దగా ఉండే ఈ యంత్రం మూత తెరిస్తే పైన సన్నపాటి తెర, కింద బుల్లి కీబోర్డు కనిపిస్తాయి. రెండు పెన్సిల్ సెల్స్‌తో వారాల తరబడి నడుస్తుంది. 1997లో వచ్చిన సిరీస్ 5 అంతకన్నా శక్తిమంతమైనది. దాని కీబోర్డు మీద రెండు చేతులతో వ్యాసమంతా టైపు చేయవచ్చు. అందులోని ఎపాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెంచి పెద్దచేయడానికి సైయాన్ 1998లో నోకియా, ఎరిక్సన్, మోటరోలాలతో కలిసి సింబియన్ సంస్థను స్థాపించింది. ఇరవయ్యేళ్ల కిందట మన ఊళ్లలో నోకియా 6600 పట్టుకు తిరిగినవాళ్లు తెలియకుండానే ఆ వంశానికి చెందిన సాఫ్ట్‌వేర్ వాడారు.

ఇలాంటి యంత్రం అటకమీద నుంచి దిగినా, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా మొదట పుట్టే ప్రశ్న ఒకటే: దీన్ని ఇప్పటి కంప్యూటరుకు కలపవచ్చా? చాలావరకు కలపవచ్చు. కావలసిన కేబుళ్లు, అడాప్టర్లు, ప్రోగ్రాములు ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి. కలపాలా, కలిపితే ఎంతవరకు అన్నదానికి మాత్రం అంత తేలిగ్గా జవాబు దొరకదు. పాత యంత్రాలను ప్రేమించేవారిలోనే ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. రెండువైపులా తీసిపారేయలేని వాదనలున్నాయి.

కలపాలనేవారి వాదన యంత్రం లోపలి నిర్మాణంతోనే మొదలవుతుంది. సైయాన్‌లో మన ఫైళ్లుండే చోటును డిస్క్ అని పిలిచినా అది నిజానికి ర్యామ్. కరెంటు ఉన్నంతసేపే అందులోని విషయం నిలుస్తుంది. పెన్సిల్ సెల్స్ అయిపోతే కొంతకాలం కాపు కాయడానికి ఒక బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అదీ అయిపోతే డైరీ, చిరునామాలు, జమాఖర్చులు, రాసుకున్న ముసాయిదాలు అన్నీ ఒక్కసారే పోతాయి. హార్డ్ డిస్క్ చెడిపోతే నిపుణులు ఎంతో కొంత వెలికితీయగలరు. కరెంటు పోయిన ర్యామ్ విషయంలో ఆ ఆశ లేదు. దీనికి తోడు యంత్రాల వయసు. సిరీస్ 5లో తెరకు వెళ్లే రిబ్బన్ కేబుల్, మూత తెరిచి మూసేకొద్దీ నలిగి తెగడం ఆ యంత్రం వాడేవారందరూ ఎరిగిన జబ్బే. 3ఎలో మూత కీళ్లు విరుగుతాయి. తెర పోయాక లోపల సమాచారం భద్రంగా ఉన్నా కంటికి కనిపించదు. ఈ లెక్కన చూస్తే, యంత్రం బతికుండగానే తీగ తగిలించి లోపలిదంతా బయటికి తీసుకోవడం వివేకం.

అలాగని ఈ వాదన విన్న వెంటనే తీగ కోసం పరుగెత్తడమూ ప్రమాదమే. యంత్రం కంప్యూటరుతో మాట్లాడుతున్నంతసేపు మామూలుకన్నా ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. నీరసించిన సెల్స్‌తో బ్యాకప్ మొదలుపెడితే మధ్యలో ఆగిపోవచ్చు. కొత్తవి వేద్దామని పెన్సిల్ సెల్స్‌నూ బిళ్లనూ ఒకేసారి ఊడదీస్తే కాపాడదలచినదే చేతులారా పోగొట్టుకున్నట్టు. ఒకదాని తర్వాత ఒకటి మార్చాలన్నది చిన్న నియమమే అయినా, ముప్పయ్యేళ్ల కిందటి మాన్యువల్ ఎవరి దగ్గరుంటుంది? పైగా లోపల ఉన్నది ఇరవై ఫోన్ నంబర్లు, నాలుగు చిన్న నోట్సు మాత్రమే అయితే తీగ గొడవే అక్కర్లేదు. తెర మీద ఒక్కో పేజీ తెరిచి ఫోన్‌తో ఫొటో తీసుకుంటే సరిపోతుంది. సాంకేతికంగా ఇది మొరటు పద్ధతే. కానీ దీనివల్ల యంత్రానికి జరిగే హాని ఏమీ లేదు.

సమాచారం ఎక్కువగా ఉన్నప్పుడు తీగ తప్పదు. ఆ తీగ విషయంలో రెండు యంత్రాలూ ఒకటి కావు. 3ఎ పక్కనున్న పోర్టు సైయాన్ సొంతానికి తయారుచేసుకున్న పద్ధతిలో పనిచేస్తుంది, మామూలు సీరియల్ సంకేతాలు దానికి అర్థం కావు. అందుకే 3-లింక్ అనే కేబుల్ మధ్యలో ఒక చిన్న డబ్బా, దాని లోపల సంకేతాలను మార్చే సర్క్యూట్ ఉంటాయి. ఆ డబ్బా లేనిదే, ఎంత నేర్పుగల చేయి పట్టి సోల్డరింగ్ చేసినా వట్టి తీగ పనిచేయదు. సిరీస్ 5 నేరుగా ఆర్‌ఎస్-232 అనే మామూలు సీరియల్ పద్ధతిలో మాట్లాడుతుంది, కాబట్టి దాని కేబుల్ లోపల ప్రత్యేకమైనదేమీ లేదు, తెలిసినవాళ్లు కొత్తది చేసుకోవచ్చు. వేగంలోనూ తేడా ఉంది. 3ఎ గరిష్ఠ వేగం సెకనుకు 19,200 బిట్లు. అరమెగాబైటు సమాచారం దాటడానికి నాలుగున్నర నిమిషాలకు పైగా పడుతుంది. సిరీస్ 5 వేగం 1,15,200 బిట్లు. ఎనిమిది మెగాబైట్లు నిండా ఉంటే పన్నెండు నిమిషాలు. ఈనాటి లెక్కలో ఇది నత్తనడకే అయినా, ఒక మనిషి కొన్నేళ్లపాటు రాసుకున్నదంతా ఒక పూట టిఫిను ముగించేలోపు దాటిపోతుందంటే ఫిర్యాదు చేయడానికి పెద్దగా ఏమీ లేదు.

అసలు ఇబ్బంది తీగకు రెండో కొస దగ్గర ఉంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీరియల్ పోర్టు లేదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే అడాప్టర్లు వచ్చి ఈ లోటు తీర్చాయి, పైగా అవి చవక. వాటిని ఇప్పటికీ కర్మాగారాల్లోనూ నెట్‌వర్కింగ్ పరికరాల సెటప్‌లోనూ వాడుతూనే ఉన్నారు, కాబట్టి మరికొన్నేళ్లు దొరుకుతాయనే ధీమా కూడా ఉంది. ఒక్క పాత యంత్రం కోసం పాత కంప్యూటరును కూడా ఇంట్లో పోషించనక్కర్లేకపోవడం చిన్న లాభమేమీ కాదు.

ఈ సౌకర్యం వెనక ఒక ఆధారపడటం కూడా దాగి ఉంది. అడాప్టర్ నడవాలంటే డ్రైవర్ కావాలి, ఆ డ్రైవర్ భవితవ్యం మన చేతిలో ఉండదు. ఎఫ్‌టీడీఐ అనే చిప్పుల తయారీ సంస్థ 2014లో విండోస్ అప్‌డేట్ ద్వారా పంపిన డ్రైవర్, తమ చిప్పులకు నకళ్లుగా తయారైనవాటిని గుర్తుపట్టి పనికిరాకుండా చేసింది. అల్లరి కావడంతో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రొలిఫిక్ సంస్థ కొత్త డ్రైవర్లు కూడా నకలు చిప్పులనూ, తమవే అయిన కొన్ని పాత చిప్పులనూ ఒప్పుకోవు. నకలు చేసేవారిని అడ్డుకునే హక్కు తయారీదారుకు ఉందనడంలో సందేహం లేదు. కానీ కొన్న వ్యక్తికి తన అడాప్టర్ అసలుదో నకలుదో తెలిసే వీలే లేనప్పుడు, ఆ శిక్ష పడేది ఎవరి మీద? చవకైన అడాప్టర్లలో మరో లోపమూ ఉంది: సమాచారం పంపడానికి, అందుకోవడానికి సిద్ధమని రెండువైపులా చెప్పుకునే హ్యాండ్‌షేక్ తీగలన్నిటినీ కలపనివి కొన్ని ఉంటాయి. సైయాన్‌కు అవి లేకుంటే కనెక్షన్ అసలే కుదరకపోవచ్చు, లేదా కుదిరినట్టే ఉండి మధ్యలో తెగిపోవచ్చు. రెండోదే ఎక్కువ చికాకు.

సాఫ్ట్‌వేర్ దగ్గరకు వచ్చేసరికి దారి రెండుగా చీలుతుంది. ఒకటి సైయాన్ ఇచ్చిన సైవిన్ ప్రోగ్రామ్. సైయాన్ తయారుచేసిన ఫైలు రకాలన్నీ దానికి తెలుసు. వర్డ్ ఫైలును మైక్రోసాఫ్ట్ వర్డ్‌కూ, షీటును ఎక్సెల్‌కూ మార్చి ఇస్తుంది. తయారీదారే రాసిన ప్రోగ్రామ్ కనుక యంత్రంతో సఖ్యంగా ఉంటుందన్న నమ్మకం సహజం. కానీ సైయాన్ 2001లో ఈ రంగం నుంచి తప్పుకుంది. 64 బిట్ల విండోస్ మీద సైవిన్ సరిగా పనిచేయదు. 16 బిట్ల కాలం నాటి తొలి సైవిన్ అయితే అసలు మొదలే కాదు. కాబట్టి చాలామంది పాత ల్యాప్‌టాప్‌లో గాని, కొత్త కంప్యూటరులో వర్చువల్ మెషీన్‌గా గాని విండోస్ ఎక్స్‌పీ పెట్టుకుంటారు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. నెట్‌కు కలపకుండా ఉంచితే ముప్పు తక్కువనేది నిజమే. అయినా అందులోకి వచ్చిన ఫైళ్లు కొత్త కంప్యూటరుకు చేరాలి కదా! అందుకోసం కొందరు ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి అయిన ఎస్ఎంబీ మొదటి రకాన్ని మళ్లీ తెరుస్తారు. ఒక డైరీ కోసం ఇంట్లోని కంప్యూటర్లన్నిటికీ ఎప్పుడో మూసేసిన దొడ్డిదారిని తెరవడం అనుకోకుండా జరిగిపోయే నష్టం. పెన్‌డ్రైవ్‌తో మోసుకెళ్లడం మోటుగా ఉన్నా మేలు.

రెండో దారి పీఎల్‌పీటూల్స్. సైయాన్ యంత్రం తీగలో ఏం మాట్లాడుతుందో విడమరిచి అర్థం చేసుకున్న ఔత్సాహికులు 1990ల చివర్లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. లినక్స్ మీద, మ్యాక్ మీద నడుస్తుంది. దాని మూలం, అంటే సోర్స్ కోడ్, అందరికీ అందుబాటులో ఉండడం వల్ల తయారీదారు చేతులెత్తేసినా ఇది బతికింది, ఇప్పటికీ సవరణలు అందుకుంటోంది. దీర్ఘకాలానికి చూస్తే ఇదే నమ్మదగిన దారి అనిపిస్తుంది. అనిపించినా, కమాండ్ లైన్ అంటే బెరుకున్నవారికి ఇది స్నేహంగా ఉండదని ఒప్పుకోవాలి. ఫైళ్లను ఉన్నవున్నట్టు తెస్తుంది కాని, తెచ్చిన ఫైలును చదివే బాధ్యత చాలావరకు మనదే. కొద్దిమంది ఉత్సాహం మీద నడిచే పని రేపూ నడుస్తుందన్న హామీ కూడా ఉండదు. అలాంటి హామీ సైయాన్ ఇవ్వగలిగిందా అని ఎవరైనా ఎదురడిగితే, అదీ న్యాయమైన ప్రశ్నే.

సిరీస్ 5 ఉన్నవారికి తీగ లేని దారి ఒకటి ఉంది. దాని పక్కన కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు పెట్టుకునే అర ఉంటుంది. ఫైళ్లను కార్డులోకి కాపీ చేసి, కార్డును రీడర్‌లో పెట్టి కంప్యూటరులో తెరవచ్చు. హ్యూలెట్ ప్యాకార్డ్ 1994లో తెచ్చిన 200ఎల్ఎక్స్ చేతి కంప్యూటరు వాడేవారూ పీసీఎంసీఐఏ అడాప్టర్ ద్వారా ఇదే పని చేస్తారు. డాస్ నడిచే యంత్రం కావడం వారికి మరింత కలిసొచ్చింది. డ్రైవర్లు లేవు, వేగం గొడవ లేదు, పాత ప్రోగ్రాములతో పని లేదు. ఒక్కమాటలో, ఉన్న దారుల్లో ఇదే సుఖమైనది. 3ఎ వారికి మాత్రం ఇది మూసుకుపోయిన తలుపు. దాని ఎస్ఎస్‌డీ కార్డులు సైయాన్ సొంత ఆకారంలో ఉంటాయి, మామూలు రీడర్లలో పట్టవు.

కార్డులోనూ చిక్కులు లేకపోలేదు. కార్డు మీద రాసేటప్పుడు బ్యాటరీ మీద భారం పెరుగుతుంది కనుక సెల్స్ నీరసంగా ఉన్నప్పుడు ఆ పని పెట్టుకోకూడదు. ఇప్పటి పెద్ద కార్డులనూ, ఇప్పటి కంప్యూటరు ఫార్మాట్ చేసిన కార్డులనూ పాత యంత్రం గుర్తుపట్టకపోవచ్చు. ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఇంకొకటుంది. కార్డు పెట్టగానే విండోస్ గాని మ్యాక్ గాని అడగకుండానే తమ దాపుడు ఫైళ్లు దానిమీద రాసిపెడతాయి. ఇంటి అవసరానికి ఇది నవ్వి ఊరుకోదగ్గ సంగతి. ఆ కార్డు ఒక రచయితదో శాస్త్రవేత్తదో అయి, రేపు దాన్ని పత్రంగా భద్రపరచవలసి వస్తే మాత్రం చిన్నదే అయినా అది మచ్చే.

ఫైలు ఏ దారిన వచ్చినా, వచ్చాక చదవడం మరో మెట్టు. ఇక్కడే మార్చుకోవాలా, మార్చకుండా దాచుకోవాలా అన్న తగవు వస్తుంది. మార్చకపోతే ఫైలు ఉన్నా లేనట్టే, చదవలేని దస్తావేజు పెట్టెలో ఉంటేనేం, లేకుంటేనేం అని ఒక వాదన. ఇది సబబైనదే. సిరీస్ 5 ఫైళ్లను విప్పే సైకాన్వ్ వంటి ఉచిత పరికరాలు ఉండనే ఉన్నాయి. కానీ ప్రతి మార్పిడిలోనూ ఏదో ఒకటి జారిపోతుంది. ఉదాహరణకు 3ఎ వాడేది 850 అనే కోడ్ పేజీ, అంటే ఏ అక్షరానికి ఏ సంఖ్యో చెప్పే పట్టిక. అందులో పౌండు గుర్తుకు ఏ సంఖ్య ఉందో, విండోస్ వాడిన 1252 పేజీలో ఆ సంఖ్యకు ఓ, ఈ అక్షరాలు అతుక్కున్న ఫ్రెంచి గుర్తు ఉంటుంది. బ్రిటిష్ యంత్రంలో రాసిన జమాఖర్చును ఏమరుపాటుగా తెరిస్తే డబ్బు మొత్తాలన్నిటి ముందూ ఆ అక్షరమే ప్రత్యక్షమవుతుంది. చూడగానే పట్టుకోగల తప్పు కాబట్టి ఇది అంత ప్రమాదం కాదు. కంటపడని తప్పుల మాటేమిటన్నదే దిగులు.

తెలుగువారి విషయంలో ఇది మరో రకంగా తగులుతుంది. ఈ యంత్రాలు వచ్చిన కాలానికి వాటిలో తెలుగు లిపి లేదు. విండోస్‌లోనే తెలుగు ఎక్స్‌పీతో గాని కుదురుకోలేదు. 1990లలో అమెరికాలో ఉన్న తెలుగువారు రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్‌టీఎస్ పద్ధతిలో, రోమన్ అక్షరాల్లో తెలుగు రాసుకునేవారు. అప్పట్లో అది గతిలేక చేసుకున్న సర్దుబాటులా కనిపించింది. మాతృభాషను పరాయి లిపిలో రాయడమేమిటని నొచ్చుకున్నవారి బాధనూ కొట్టిపారేయలేం. కానీ ఆ రాతలో ఉన్నవి ప్రతి యంత్రమూ ఒకేలా అర్థం చేసుకునే సాదా అక్షరాలు కావడం వల్ల ఏ తీగలోంచి వచ్చినా, ఏ కోడ్ పేజీలో తెరిచినా చెక్కుచెదరవు. ఈనాడు వాటిని యూనికోడ్ తెలుగులోకి మార్చుకోవడం పెద్ద పనేం కాదు. అదే కాలంలో అందమైన ఫాంట్లతో కంపోజ్ చేసిన తెలుగు, ఆ ఫాంటు దొరకని చోట అర్థంలేని గుర్తుల వరుసగా మిగిలింది. అందం అటు, నిలకడ ఇటు. అప్పటి నిర్ణయాల్లో ఏది సరైనదో అప్పుడే తెలిసి ఉండాలనడం అన్యాయమే.

ఇంతవరకు చెప్పినది ఒక్కసారి చేసే రక్షణ పని గురించి. రోజూ కలిపి ఉంచాలనుకునేవారి సంగతి వేరు. దీనికి ఆదర్శం సైయాన్ కాదు, పామ్. యూఎస్ రోబోటిక్స్ 1996లో తెచ్చిన పామ్ పైలట్ అనే చేతి యంత్రాన్ని మొదటినుంచీ కంప్యూటరుకు తోడుగానే ఊహించారు. పీఠం మీద నిలబెట్టి ఒక బటన్ నొక్కితే రెండువైపులా డైరీ, చిరునామాలు సమానమవుతాయి. దీని గొప్ప గుణం ఏమిటంటే, వాడేవాడికి తెలియకుండానే బ్యాకప్ జరిగిపోతుంది. పామ్ వాడినవారి సమాచారం కంప్యూటరులోనూ ఒక ప్రతిగా మిగలడానికి కారణం వారి జాగ్రత్త కాదు, ఆ బటనే. మనుషులు బ్యాకప్ చేయరన్న నిజాన్ని ఒప్పుకుని తయారుచేసిన ఏర్పాటు అది.

అయితే సింక్ అంటే రెండువైపులా సమానం చేయడం. సమానం చేసే యంత్రానికి ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియదు. బ్యాటరీ అయిపోయి ఖాళీ అయిన యంత్రాన్ని తొందరలో తప్పు ఎంపికతో సింక్ చేస్తే, ఆ ఖాళీతనమే కంప్యూటరుకూ పాకవచ్చు. పాత యంత్రాన్ని ఇప్పటి క్యాలెండర్‌తో కలపడంలో మరో సున్నితమైన చిక్కు ఉంది. పామ్ తన తేదీల్లో సంవత్సరాన్ని 1904 నుంచి లెక్కపెట్టి ఏడు బిట్లలో దాస్తుంది. ఏడు బిట్లలో పట్టేది 2031 వరకే. ఏటా వచ్చే పుట్టినరోజులనూ, పదేళ్ల ఇంటి అప్పు వాయిదాలనూ అందులోకి పంపితే ఏం జరుగుతుందన్నది మధ్యలో నిలబడిన ప్రోగ్రామ్ దయ మీద ఉంటుంది. కాపీ చేస్తే ఇలాంటి తప్పు ఒక్క ప్రతికే పరిమితమవుతుంది, సింక్‌లో అది రెండోవైపుకూ అంటుతుంది. కాపీ చేయడం గుర్తుపెట్టుకోవలసిన పని, సింక్ దానంతటదే జరిగే పని. ఈ రెండు గుణాలూ ఒకేచోట దొరకవు.

మరికొందరు ఇంకో అడుగు వేసి సైయాన్‌ను ఇంటర్నెట్‌కే కలుపుతున్నారు. సీరియల్ పోర్టుకు చిన్న వైఫై బోర్డు తగిలిస్తే, యంత్రం దాన్ని పాతకాలపు మోడెమ్ అనుకుంటుంది. అయితే ఇప్పటి వెబ్‌సైట్లు కోరే ఎన్‌క్రిప్షన్ దానికి రాదు. కాబట్టి మధ్యలో రాస్ప్‌బెరీ పై అనే ఒక చిన్న కంప్యూటరును నిలబెట్టి, అది పేజీలను తెచ్చి, విప్పి, సాదాగా మార్చి అందించాలి. చేతిపని ఇష్టపడేవారికి ఇందులో ఉన్న ఆనందాన్ని తక్కువచేసి చూడకూడదు. నెట్‌వర్క్ లోపల ఏం జరుగుతుందో పుస్తకం చదివితే రాని అవగాహన ఇలాంటి పనుల్లో వస్తుంది. పనికిరాదని చెత్తలో పడేయవలసిన యంత్రానికి ఉపయోగం దొరకడమూ మంచిదే.

కానీ మధ్యవర్తి విప్పిన ప్రతిదీ, పాస్‌వర్డులతో సహా, ఆ చివరి రెండడుగుల తీగలో ముసుగు లేకుండా ప్రయాణిస్తుంది. దానికన్నా నాకు ఎక్కువ ఆలోచించదగ్గదిగా తోచేది వేరే ఉంది. ఈ రోజుల్లో సైయాన్‌ను వాడేవారు దాన్ని ఎందుకు వాడుతున్నారు? ఎక్కువమంది చెప్పే కారణం కీబోర్డు, వెంటనే తెరుచుకోవడం, మెసేజ్‌లు రాకపోవడం. ఈ మూడోది తీగ లేకపోవడం వల్ల వచ్చిన గుణం. వైఫై పెట్టిన రోజున అది మామూలు నెట్ పరికరం అవుతుంది, అదీ చాలా నెమ్మదైనది. అలాగని తీగ పూర్తిగా వద్దనుకుంటే అందులో రాసిన వ్యాసాన్ని మళ్లీ కంప్యూటరులో టైపు చేయాలి. రెండోసారి టైపు చేసేటప్పుడు రాత బాగుపడుతుందని వాదించే రచయితలు ఉన్నారు. వారి మాటలో నిజం ఉండవచ్చు. గడువు నెత్తిన ఉన్నవారిని మాత్రం ఆ మాట ఒప్పించదు.

సెకండ్‌హ్యాండ్ యంత్రాల విషయంలో ఇంకో పేచీ ఉంది, దీని గురించి మాట్లాడేవారు తక్కువ. ఎవరిదో పాత సిరీస్ 5 కొంటాం. అందులోని కార్డులో ముందు యజమాని డైరీ, స్నేహితుల చిరునామాలు, బ్యాంకు వివరాలు ఉంటాయి. తీగ తగిలించి బ్యాకప్ నొక్కితే ఆ జీవితమంతా మన హార్డ్ డిస్క్‌లోకి, అక్కడి నుంచి మన ఆన్‌లైన్ బ్యాకప్‌లోకి చేరుతుంది. చూడకుండా చెరిపేయడమే మర్యాద అంటారు కొందరు. చరిత్రకు పనికొచ్చేది ఏదైనా ఉంటే చెరిపేయడం నష్టం కాదా అంటారు ఇంకొందరు. యజమాని ఎవరో తెలిసే వీలుంటే ముందు వారినే అడగడం ఉత్తమం. తెలియనప్పుడు, ఆ ఫైళ్లను మన రోజువారీ కంప్యూటరులోకి తేకపోవడమైనా పాటించదగ్గదే.

అసలు యంత్రాన్నే ముట్టుకోకుండా, దాన్ని ఇప్పటి కంప్యూటరులో అనుకరించే ఎమ్యులేటర్‌లో ఆ అనుభవం పొందవచ్చనే పక్షం కూడా ఒకటుంది. డాస్ మీద నడిచే 3ఎ ఎమ్యులేటర్‌ను సైయాన్ సంస్థే ఒకప్పుడు ప్రోగ్రామర్ల కోసం ఇచ్చింది. సిరీస్ 5 తర్వాతి రకమైన 5ఎంఎక్స్‌కు ఔత్సాహికులు రాసినది ఉంది. పాత ఫైలు తెరిచి చూడడానికి ఇవి చాలు, మార్పిడిలో జారిపోయేవి ఇక్కడ జారవు. కానీ ఎమ్యులేటర్‌లోకి ఫైలు చేరాలంటే మొదట అది యంత్రం నుంచి బయటికి రావాలి. అంటే తీగ అవసరాన్ని ఇది తప్పించదు, ఒక్కసారికి కుదిస్తుంది.

ఇన్ని దారులు చూశాక, ఒకే సూత్రం అందరికీ సరిపోతుందని చెప్పడానికి మనసొప్పదు. అయినా సాగదగ్గ మార్గం ఒకటి కనిపిస్తోంది. కొత్త సెల్స్ వేసి, కార్డు దారి ఉంటే కార్డుతో, లేకుంటే నాణ్యమైన అడాప్టర్‌తో, మూలం బయటికి తెలిసిన సాఫ్ట్‌వేర్‌తో ఒకసారి పూర్తి కాపీ తీయాలి. వచ్చిన ఫైళ్లను మార్చకుండా ఒక చోట ఉంచి, చదువుకోవడానికి మార్చిన ప్రతిని వేరే చోట ఉంచాలి. ఆ తర్వాత యంత్రాన్ని వాడుకునేవారు, రాసినదాన్ని సాదా టెక్స్ట్‌గా అప్పుడప్పుడు కంప్యూటరుకు పంపుకోవచ్చు. ప్రయాణం ఒకవైపే ఉండాలి. సింక్, ఇంటర్నెట్ అనేవి సరదా ఉన్నవారు విడిగా ఇంకో యంత్రం మీద చేసుకోవలసిన ప్రయోగాలు. సైవిన్ తప్ప వేరే గతి లేనివారు ఎక్స్‌పీ వర్చువల్ మెషీన్‌ను నెట్‌కు కలపకుండా నడుపుకోవడంలో తప్పులేదు.

ఇందులోనూ ఒక ముడి విడిపోకుండా మిగిలింది. కాపీ భద్రంగా వచ్చిందని నిర్ధారించుకున్నాక యంత్రంలో సెల్స్ ఉంచాలా, తీసేయాలా? వాడకుండా వదిలేసిన సెల్స్ కారి, లోపలి స్ప్రింగులనూ బోర్డునూ తినేస్తాయి. తీసేస్తే ర్యామ్ ఖాళీ అవుతుంది. ఫైళ్ల ప్రతి మన దగ్గర ఉంటుంది కాని, ఆ యంత్రం ఆ మనిషి చేతిలో ఎలా ఉండేదో ఆ అమరిక, తెర మీద చివరిగా తెరిచి ఉన్న పేజీతో సహా, అందులో మిగలదు. మ్యూజియం దృష్టితో చూసేవారు ప్రతి ఏడాదీ సెల్స్ మారుస్తూ దాన్ని మేల్కొలిపి ఉంచుతామంటారు. వారి శ్రద్ధను నేను గౌరవిస్తాను. కానీ ఆ పని గుర్తుపెట్టుకునే మనిషి ఇంట్లో ఉంటాడన్న నమ్మకం లేని చోట, రెండో ప్రతి వేరే డిస్క్‌లో ఉందని చూసుకుని సెల్స్ తీసేయడానికే నేను మొగ్గుతాను.